అల్లాబక్షు కారులో దీపం

పొద్దున్నే టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, అల్లాబక్షు షెడ్డులోకి వెళ్ళేవాడు. కారు మీద కప్పిన పట్టా తీసి, బానెట్టూ అద్దాలూ పొడిగుడ్డతో తుడిచి, మళ్ళీ పట్టా కప్పేసి వచ్చేసేవాడు. రెండేళ్ళుగా ఆ కారుకి ఆయన చేస్తున్న సేవ అంతే. కారు నడపడం మానేశాడు. భార్య జైతున్‌బీ ఉన్నప్పుడు టీ తాగి కారు తుడిచేవాడు గనక ఆవిడ పోయాక కూడా తుడుస్తున్నాడు. తేడా ఏమిటంటే, టీ ఇప్పుడు తనే పెట్టుకుంటున్నాడు.

అది తెల్ల అంబాసిడర్. నలభై ఏళ్ళు పైబడ్డ బండి. చింతలగుంటపాలెంలో దాన్ని ఎవరూ అంబాసిడర్ అనరు, దీపం కారు అంటారు. కారు లోపల కప్పుకి చిన్న దీపం ఉంటుంది కదా, అల్లాబక్షు కారులో ఆ దీపం స్విచ్చు ఎప్పుడో బిగుసుకుపోయింది. వేస్తే వెలగదు, తీస్తే ఆరదు. కానీ జబ్బు మనిషిని ఎక్కించినప్పుడు, ఆ మనిషి బతికేవాడైతే, అది దానంతటది వెలిగేది. ఆసుపత్రి దగ్గర మనిషి దిగగానే ఆరిపోయేది. పోయేవాడైతే వెలిగేదే కాదు. ఊళ్ళో ఎవరూ దీన్ని వింతగా చెప్పుకోలేదు. ఫలానా వాళ్ళ గేదె తంతుందనీ, ఫలానా వాళ్ళ బోరులో ఉప్పునీళ్ళు పడ్డాయనీ చెప్పుకున్నట్టే ఇదీ చెప్పుకునేవాళ్ళు.

108 బండ్లు వచ్చాక ఈ కారుతో పని తీరిపోవాలి. తీరలేదు. 108కి ఫోన్ చేసి, అది వచ్చేలోపు మనిషిని దీపం కారులోకి ఎక్కించేవాళ్ళు. కొందరికి ఎక్కగానే వెలిగేది, కొందరికి కాస్త దూరం పోయాక వెలిగేది. అందుకని యడ్లపాడు దగ్గర హైవే ఎక్కే మలుపుదాకా చూసేవాళ్ళు. అప్పటికి వెలిగితే అదే కారులో గుంటూరు. వెలగకపోతే మలుపులో బండి వెనక్కి తిప్పి, 108 వాళ్ళకి రావద్దని చెప్పి, చుట్టాలకి కబురు పెట్టేవాళ్ళు. అలా తిప్పిన మనిషి ఆ రోజో మర్నాడో పోయేవాడు. దీపం ఒక్కసారి కూడా తప్పలేదని ఊరంతా అనేది. ఆ అనడంలో కాస్త గర్వం కూడా ఉండేది.

జైతున్‌బీకి గుండెల్లో నొప్పి వచ్చింది మాఘమాసంలో, ఓ మధ్యాహ్నం. కుట్టుమిషను మీద పక్కింటి వెంకటేశ్వరమ్మ జాకెట్టు కుడుతూ, సూది కింద గుడ్డ అలాగే వదిలేసి లేచింది. ఒళ్ళంతా చెమటలు. వెంకటేశ్వరమ్మే వెనక సీట్లో కూర్చుని ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుంది. ఇద్దరూ వదినా వదినా అని పిలుచుకుంటూ పాతికేళ్ళు ఒకే గోడకి చెరోపక్కా బతికినవాళ్ళు. దారి పొడుగునా ముగ్గురూ కప్పుకేసి చూస్తూనే ఉన్నారు. దీపం వెలగలేదు. మలుపు దగ్గర అల్లాబక్షు బ్రేకు మీద కాలు పెట్టి కూర్చుండిపోయాడు. వెంకటేశ్వరమ్మ ఏడుస్తూనే అంది. "అన్నా, వెనక్కి తిప్పు. వదినని రోడ్డు మీద పోనివ్వద్దు. ఇంట్లో, మనందరి మధ్యా పోనీ."

అల్లాబక్షు తిప్పాడు. జైతున్‌బీ ఇంటికొచ్చాక ఆరు గంటలు బతికింది. ఆ మలుపు నుంచి గుంటూరు గంట కూడా పట్టదు. కానీ అప్పుడా లెక్క ఎవరికీ తోచలేదు. దీపం చెప్పాక లెక్కలెందుకు?

ఆ సాయంత్రం నుంచి ఆయన కారు తియ్యలేదు. రెండేళ్ళు చూసి చూసి, వెంకటేశ్వరమ్మే ఓ రోజు గోడ మీంచి కేకేసింది.

"అన్నా, వదిన పోయిన రోజున కారుకి పట్టా కప్పి, దాంతోపాటు నువ్వూ కప్పుకున్నావు. ఇక చాలు. కారు బయటికి తియ్యి. ఎవరు ఉంటారో ఎవరు పోతారో తెలియక ఊరు ఊరంతా చస్తోంది."

ఆవిడ మొగుడు బుల్లయ్య అరుగు మీద వేపపుల్ల నములుతూ వంతపాడాడు. "అవును బావా. మా ఆవిడకి తుమ్ము వచ్చినా నీ కారెక్కి కూర్చుందామంటోంది."

ఎందుకనో ఆ రోజు అల్లాబక్షు కాదనలేదు. బ్యాటరీ ఛార్జింగు పెట్టించుకొచ్చి బిగించి తాళం తిప్పాడు. ఇంజను పలికింది. దాంతోపాటే డాష్‌బోర్డు కింద నుంచి పొగ వచ్చింది. గబగబా బ్యాటరీ వైరు పీకేసి, వంగి చూశాడు. వైర్ల మీది రబ్బరు పట్టుకుంటే పొడిపొడిగా రాలిపోతోంది. లోపల రాగి నల్లబడి ఉంది. ఒకటి రెండు మార్చి సరిపెట్టే వ్యవహారం కాదు. మొత్తం వైరింగు కొత్తది వెయ్యాలి.

చిలకలూరిపేటలో కారు ఎలక్ట్రీషియను అలీ సాహెబ్ విషయమంతా విని, రెండు చేతులూ పైకెత్తేశాడు. "హెడ్‌లైట్లు వెయ్యమంటే వేస్తా, హారన్ వెయ్యమంటే వేస్తా. ఆ దీపం వైరు మాత్రం నేను ముట్టుకోను అల్లాబక్షు గారూ. రేపు అది వెలగకపోతే మీ ఊరు ఊరంతా నా షాపు మీదకొస్తుంది. వైరు ఇస్తా, టేపు ఇస్తా, ఎలా వెయ్యాలో చెబుతా. మీ చేత్తో మీరు వేసుకోండి."

నలభై ఏళ్ళు ఆ బండి కిందా మీదా పడ్డ మనిషి. చేతకాకపోవడమేమిటి? అలీ సాహెబ్ ఒకే మాట గట్టిగా చెప్పాడు. పాత వైర్లు పీకేసి పారెయ్యొద్దు, వైర్ల జడని జడగానే బయటికి తీసి నేల మీద పరుచుకుని, దాన్ని చూసి కొత్తది అల్లుకోవాలి. ప్రతి కొసకీ గుర్తు కట్టాలి. గుర్తు కట్టకుండా ఒక్క కొస ఊడదీసినా, హారన్ నొక్కితే బ్రేకు లైటు వెలుగుతుంది.

గుర్తులకి కాగితాలు వద్దనుకున్నాడు, నూనె చేతులకి ఆగవు. గుడ్డపీలికలైతే మేలు. ఇంట్లో గుడ్డపీలికలకేం కరువు? కుట్టుమిషను పక్కన జైతున్‌బీ దాచుకున్న గోతాం అలాగే ఉంది. పాతికేళ్ళపాటు ఊరి ఆడవాళ్ళ జాకెట్లు కుట్టగా మిగిలిన ముక్కలన్నీ అందులోనే ఉన్నాయి. రెండేళ్ళ తరవాత ఆ గోతాం మూతి విప్పినప్పుడు మిషను నూనె వాసన వచ్చింది. అల్లాబక్షు అక్కడే చతికిలబడి కాసేపు ఏడ్చాడు. తరవాత కత్తెర తెచ్చుకుని పీలికలు కత్తిరించాడు.

వాకిట్లో ప్లాస్టిక్ పట్టా పరిచి, కారులోంచి తీసిన వైర్ల జడ దాని మీద కారు ఆకారంలోనే పెట్టాడు. ముందు వైపు హెడ్‌లైట్లు, వెనక వైపు బ్రేకు లైట్లు, మధ్యలో ఫ్యూజు బాక్సు. పచ్చపీలిక హారన్‌కి, నీలం చుక్కల పీలిక ఎడమ ఇండికేటరుకి, జరీ అంచు పీలిక హెడ్‌లైటుకి. దారిన పోయే ఆడవాళ్ళు ఆగి చూసి వాళ్ళ జాకెట్లు వాళ్ళు గుర్తుపట్టారు. "ఆ జరీ నాది, మా అమ్మాయి పెళ్ళికి కుట్టించింది." "ఆ నీలం చుక్కలది మా అత్తది, పాపం పోయింది." వెంకటేశ్వరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, తన పచ్చజాకెట్టుని హారన్‌కి కట్టినందుకు మొహం ముడుచుకుంది. "కట్టేదేదో దేనికి కట్టాలో తెలిసే కట్టాడు మహానుభావుడు," అన్నాడు బుల్లయ్య. రెండేళ్ళలో మొదటిసారి అల్లాబక్షు నవ్వాడు.

కప్పు దీపం వైరు చివరికి ఉంచుకున్నాడు. దానికి కట్టడానికి మిరపపండు రంగు ముక్క ఒకటి పక్కన పెట్టాడు. జైతున్‌బీ సగంలో వదిలేసిన వెంకటేశ్వరమ్మ జాకెట్టులోదే ఆ ముక్క.

ఐదోరోజు పొద్దున కారు తలుపు స్తంభం పైన కప్పుగుడ్డ కుట్లు విప్పాడు. గుడ్డ కిందికి వేలాడింది. దాంతోపాటు గుప్పెడు పత్తి ఆయన మొహం మీద పడింది. ఎలుక గూడు. ఎప్పటిదో, ఎండిపోయి ఉంది. దాని వెనక దీపం వైరు రెండు ముక్కలుగా ఉంది. ఎలుక కొరికేసిన చోట రెండు కొసల మధ్యా బొటనవేలు పట్టేంత ఖాళీ.

అల్లాబక్షు ఆ పత్తిని చేతిలో పట్టుకుని అది ఎప్పటిదో గుర్తుచేసుకున్నాడు. షెడ్డులో పత్తి పోసింది ఆయన జన్మలో ఒకే ఒక్క ఏడాది. కొనేవాళ్ళు రాలేదని దీపావళి దాటాక తెచ్చి కారు పక్కనే పోశారు. సంక్రాంతికి ముందు ఎత్తేశారు. ఆ వెంటనే వచ్చిన మాఘంలోనే జైతున్‌బీ పోయింది.

ఇందులో బోధపడకపోవడానికేమీ లేదు. మహిమ ఉన్న దీపమైనా వైరు లేకుండా ఎలా వెలుగుతుంది? ఆ మధ్యాహ్నం దీపం పోతుందని చెప్పలేదు, బతుకుతుందనీ చెప్పలేదు. అసలు ఏమీ చెప్పలేదు. నోరు కట్టేసి ఉన్నదాన్ని చూసి తను బండి వెనక్కి తిప్పేశాడు. గంట దూరం, ఆరు గంటల ప్రాణం. ఇప్పుడా లెక్క ఎవరూ చెప్పకుండానే ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. పత్తిని మొహానికి అదుముకుని, గోడ అవతలికి వినపడకుండా ఏడ్చాడు.

వినపడకూడదు. అదొక్కటీ ఆయనకి స్పష్టంగా తెలుసు. వెనక్కి తిప్పమన్నది వెంకటేశ్వరమ్మ. ఆవిడకి ఈ తెగిన వైరు చూపిస్తే ఇక ఆవిడ అన్నం తినదు. ప్రేమకొద్దీ అన్న మాట, జీవితాంతం ఆవిడని కాల్చుకు తింటుంది. తప్పు ఒకరు మొయ్యడానికి సరిపోతుందిలే, ఇద్దరెందుకు అనుకున్నాడు. పత్తిని పొయ్యిలో వేశాడు. తెగిన వైరుని చుట్టగా చుట్టి మిషను సొరుగులో పడేశాడు.

కొత్త వైరింగు వేశాడు. ప్రతి కొసా గీకి, మెలిపెట్టి, టేపు చుట్టాడు. కప్పు దీపానికి పాత దారిలోనే కొత్త వైరు లాగాడు, దానంతటది వెలగాలనుకుంటే వెలగడానికి అడ్డేమీ లేకుండా. దాంతోపాటు ఎవరికీ చెప్పకుండా ఇంకో పని కూడా చేశాడు. ఫ్యూజు బాక్సు నుంచి పక్కదారిన మరో వైరు తెచ్చి, స్టీరింగు కింద, కుడి మోకాలి దగ్గర, ఎవరి కంటా పడని చోట చిన్న స్విచ్చు పెట్టాడు. అది నొక్కితే దీపం వెలుగుతుంది. మనిషి ఎవరైనా సరే, బతికినా బతకకపోయినా.

ఆ మలుపులో ఇక నేను ఎవరినీ వెనక్కి తిప్పను అనుకున్నాడు.

మిరపకోతలు ముమ్మరంగా ఉన్న రోజులు. ఓ పొద్దున కల్లంలో కాయల మీద పట్టా తియ్యబోయి వెంకటేశ్వరమ్మ కెవ్వున అరిచింది. పట్టా కింద పడుకున్న రక్తపింజరి ఆవిడ మణికట్టు మీద కాటేసింది. 108 బండి ఇంకో ఊళ్ళో ఉందన్నారు. బుల్లయ్య ఆవిడని భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే అల్లాబక్షు ఇంజను ఆన్ చేసి ఉంచాడు.

వెనక సీట్లో ఆవిడ తల మొగుడి ఒళ్ళో ఉంది. చెయ్యి మోచేతిదాకా వాచిపోయింది. పళ్ళచిగుళ్ళ నుంచి సన్నగా రక్తం కారుతోంది. ఆవిడ చూపంతా కప్పు మీదే. దీపం వెలగలేదు.

అల్లాబక్షు అద్దంలో చూశాడు. వైరు తను వేసిందే. ప్రతి అతుకూ గుర్తుంది. ఈసారి ఎలుక మీదికి నెట్టడానికి వీల్లేదు. వెలగలేదంటే నిజంగానే వెలగలేదు. అయినా, కొందరికి కాస్త దూరం పోయాకే కదా అని మలుపుదాకా ఆగాడు. మలుపు వచ్చింది. దీపం అలాగే నల్లగా ఉంది.

"బావా," అన్నాడు బుల్లయ్య.

వెంకటేశ్వరమ్మే అంది, తడబడే నాలుకతో. "వెలగలేదు కదన్నా. తిప్పేయ్. నన్ను కూడా ఇంట్లోనే పోనీ, వదినలాగా."

అల్లాబక్షు చెయ్యి మోకాలి దగ్గరికి వెళ్ళింది. స్విచ్చు నొక్కాడు.

కప్పు మీద పసుపుపచ్చ వెలుగు పడింది. "వెలిగిందే! వెలిగింది, కళ్ళు తెరువు!" అని బుల్లయ్య కారు అదిరిపోయేలా అరిచాడు. వెంకటేశ్వరమ్మ కళ్ళు పెద్దవి చేసి చూసింది. అప్పటిదాకా వదిలేసినట్టున్న చెయ్యి, మొగుడి చొక్కా గట్టిగా పట్టుకుంది. అల్లాబక్షు హైవే ఎక్కాడు.

ఇంత దగా చేసిన మనిషిని దేవుడు ఏం చేస్తాడో అనుకుంటూనే నడిపాడు. చచ్చిపోతున్న మనిషికి బతుకుతావని చూపించాడు. గ్రానైటు లారీల మధ్య హారన్ మీద నుంచి చెయ్యి తియ్యకుండా పోయాడు. ఎన్నడూ ఎవరి మీదా కసరని మనిషి, దారివ్వని లారీ డ్రైవర్లని నోటికొచ్చినట్టు తిట్టాడు.

గుంటూరు పెద్దాసుపత్రి మెట్ల ముందు బండి ఆపాడు. స్ట్రెచరు తోసుకుంటూ ఇద్దరు వస్తున్నారు. ఇంతవరకూ తెచ్చాం, ఇక ఈ అబద్ధంతో పని లేదు అనుకుని, వాళ్ళు తలుపు తీసేలోపు స్విచ్చు ఆపేశాడు.

దీపం ఆరలేదు.

స్విచ్చుని మళ్ళీ నొక్కి చూశాడు. మళ్ళీ ఆపాడు. దీపం కదల్లేదు, మెదల్లేదు, నిబ్బరంగా వెలుగుతోంది. వెంకటేశ్వరమ్మని జాగ్రత్తగా బయటికి తీశారు. ఆవిడ పాదం తలుపు దాటగానే, నలభై ఏళ్ళుగా ఆరుతున్నట్టే, దానంతటది ఆరిపోయింది.

టైముకి తెచ్చారని లోపల నర్సు చెప్పింది. సాయంత్రానికి గండం గడిచిందన్నారు. బుల్లయ్య బావా అని కావలించుకుని ఏడుస్తుంటే, అల్లాబక్షు వీపు నిమురుతూ నిలబడ్డాడు. ఆయన మనసు అక్కడ లేదు.

పొద్దు వాలకముందే ఒక్కడూ కారులో బయలుదేరాడు. దీపం దారిలో వెలిగిందన్నమాట. మలుపు దాటాక, ఎక్కడో. స్విచ్చు వేసి ఉండబట్టి ఎక్కడ వెలిగిందో తెలియలేదు. ఏటుకూరు దగ్గరా? తుమ్మలపాలెం దగ్గరా? బోయపాలెం దగ్గరా? వచ్చేటప్పుడు ఎగిరిపోయిన ఊళ్ళన్నిటి దగ్గరా బండి నెమ్మది చేసి, ఇక్కడా, ఇక్కడా అని చూసుకుంటూ వచ్చాడు. ఇన్నేళ్ళలో దీపం వెలగని మనిషిని ఈ దారిలో ఎవరైనా తీసుకెళితే కదా, దారిలో వెలుగుతుందని తెలియడానికి! అందరినీ మలుపులోనే తిప్పేశారు. తిప్పేస్తే పోయారు. పోతే, దీపం తప్పలేదన్నారు.

మలుపులో బండి పక్కకి తీసి ఆపాడు. వైరు తెగనీ, తెగకపోనీ. ముందుకెళ్ళి ఉండాల్సింది. అంతే. స్టీరింగు మీద తల పెట్టి, వెనక సీట్లో ఎవరో ఉన్నట్టు అన్నాడు.

"ఇంకొంచెం ముందుకి పోతే సరిపోయేది, జైతున్. నేను పోలేదు."

పది రోజులకి వెంకటేశ్వరమ్మని ఇంటికి పంపించారు. తీసుకురావడానికి అల్లాబక్షే వెళ్ళాడు. చిక్కిపోయింది గానీ నోరు తగ్గలేదు. కారెక్కగానే కప్పుకేసి చూసింది.

"ఇదేంటన్నా, దీపానికి గుడ్డ కట్టావు? నా జాకెట్టు గుడ్డే కదూ ఇది, వదిన కుట్టకుండా వదిలేసింది?"

"అదే."

"కడితే ఇక వెలిగిందో లేదో ఎలా తెలుస్తుంది?"

"గుంటూరు వచ్చాక విప్పి చూపిస్తా. దారిలో ఎవరూ చూడక్కర్లేదు. ఎవరెక్కినా సరే, ముందు గుంటూరు."

ఇదేదో బాగానే ఉందన్నట్టు బుల్లయ్య తలూపాడు. వెంకటేశ్వరమ్మ తలూపలేదు. బోయపాలెం దాటేదాకా ఏదో ఆలోచిస్తూ కూర్చుంది.

"అన్నా, నాకు మొదట వెలగలేదు కదా. మలుపులోకి వచ్చాక వెలిగింది. నువ్వింకాస్త ఆగకుండా తిప్పేసి ఉంటే వెలిగేదే కాదు." ఆవిడ ముందు సీటు పట్టుకుని వంగింది. "మరి ఆ రోజు వదినకి... నేను తిప్పమనకుండా ఉంటే..."

అల్లాబక్షు అద్దంలో చూశాడు. ఆవిడ కళ్ళు ఆయన మొహం మీదే ఉన్నాయి, ఆసుపత్రికి వచ్చిన రోజున దీపం మీద ఉన్నట్టు.

"పిచ్చిదానా," అన్నాడు. "మొన్న వైరింగంతా ఊడదీసి చూశాను కదా. దీపం వైరు రాయిలా ఉంది. ఎక్కడా చిన్న గీటు కూడా లేదు. జైతున్‌కి అది నిజమే చెప్పింది. గుంటూరు కాదు, హైదరాబాదు తీసుకెళ్ళినా అంతే."

"నిజంగానా?"

"నా చేత్తో తీసి చూశానమ్మా."

ఆవిడ గట్టిగా ఊపిరి వదిలి, మొగుడి భుజం మీద తల వాల్చింది. కాసేపటికి నిద్రపోయింది. యడ్లపాడు మలుపు వచ్చింది. అల్లాబక్షు ఇండికేటరు వేసి, బండి నెమ్మది చేసి, ఆవిడ లేవకుండా జాగ్రత్తగా ఊరివైపు తిప్పాడు.